కాక ఛాతీకి రెండో దారి

ఈ ముచ్చట ఎత్తితే మా చిన్నమ్మ ఇప్పటికీ చీపురు కోసం వెతుకుతుంది. మనిషిని ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి వెంట వెళ్లి, అదే మనిషిని దవాఖాన లిఫ్టు దాకా పారిపోయేలా చేసిన ఘనుణ్ని నేను. నవ్వండి, ఫర్వాలేదు. గోదావరిఖనిలో మా కాలనీ అంతా నవ్వి అలసిపోయాకే మీ వంతు వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మైనింగ్ సర్దార్ పరీక్ష పాసై నెల కూడా కాలేదు. సర్దార్ అంటే గనిలో తన షిఫ్టు మనుషుల ప్రాణాలకు జవాబుదారీ. నేను మాత్రం భూమి పైనున్న వాళ్లక్కూడా నేనే దిక్కు అనుకునేవాణ్ని. వంటింటి కిటికీ మూసి ఉంటే "గాలి తిరుగుతలేదు" అని చిన్నమ్మను కోప్పడేవాణ్ని. సినిమాకు పోతే బయటికి దారులెన్నో లెక్కపెట్టుకుని గానీ కూర్చునేవాణ్ని కాదు.

కొమురయ్య కాక మా నాయనకు తమ్ముడు. నాయన పోయాక నన్ను పెంచింది ఆయనా, చిన్నమ్మా. ముప్పై ఏళ్లు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాడు. మొదటి షిఫ్టు దిగి వస్తూ టిఫిన్ డబ్బాలో నాకోసం మిర్చీ బజ్జీలు తెచ్చేవాడు. మూత తీస్తే మిర్చి వాసనతో పాటు బొగ్గు వాసనా వచ్చేది. ఇప్పుడు ఎంత మంచి బండి దగ్గర తిన్నా ఆ రెండో వాసన లేక నాకు తిన్నట్టే ఉండదు.

అలాంటి కాకకు, రిటైరైన ఏడాదికి, ఊపిరితిత్తి మీద బుడగ పగిలింది. గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. గొట్టం వేసి గాలి తీశారు. నాలుగు నెలలకు మళ్లీ అదే. మూడోసారి వస్తే దవాఖాన చేరేంత సమయం ఉండకపోవచ్చన్నారు. గొట్టంతోనే హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు గారు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు.

"ఛాతీ తెరవక్కర్లేదండి. కెమెరా పంపించి, బుడగ ఉన్న ముక్క కత్తిరించి తీసేస్తాం. కొందరు మూడు చిన్న రంధ్రాలు పెడతారు, ఒకదాంట్లో కెమెరా, మిగతా రెండింట్లో పనిముట్లు. నేను రెండు వేళ్ల వెడల్పున ఒక్కటే పెట్టి, అన్నీ అందులోంచే పంపుతాను. ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఒక్కటైతే నొప్పి కొంచెం తక్కువ ఉండొచ్చు."

నాలోని సర్దార్ లేచి నిలబడ్డాడు.

"ఒక్కటేనా సార్? మరి రెండో దారి?"

"రెండో దారి దేనికండి?"

"ఏమన్న అయితే బయటికి రానీకి! ఒక్క దారితోని బొగ్గుబాయి నడువనియ్యరు సార్. గాలి వొయ్యే దారొకటి, వచ్చే దారొకటి. అది రూల్."

డాక్టరు గారు ఫైలు మూసి, "పొద్దున ఆపరేషన్‌కు ముందు మాట్లాడదాం" అని వెళ్లిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

గెలిచినవాడు ఊరుకోవచ్చు కదా? ఆ రాత్రే ఎక్స్‌రే కవరు మీద కాక పక్కటెముకలు గీశాను. "ఇగో కాక, కెమెరా గిదే మూతిలకెల్లి. కత్తెర గిండ్లకెల్లే. అన్ని లోపల ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే?" అన్నాడు కాక, మెల్లగా.

"నేను అడిగేది గదే!"

"నీ నోట్ల మన్నువడ, ఊకో రాదురా!" అంది చిన్నమ్మ.

నా ఉద్దేశం కాక చేత మూడు రంధ్రాలు అడిగించాలని. కాక బుర్రలోకి దిగింది మాత్రం భయం. తెల్లారి స్ట్రెచర్ వచ్చేసరికి మంచం ఖాళీ. పరుగెత్తాను. భుజాన తువ్వాల, చేతిలో ఛాతీ గొట్టం చివరనున్న సీసా, కాక లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు.

"యాడికి కాక?"

"ఇంటికి. ఒక్క దారి బాయిలకు నేనెన్నడు దిగలె. నా లోపలికి ఎవల్ని దిగనియ్య."

"కాక, బాయి వేరే, ఇది వేరే!"

"రాత్రి రెండూ ఒక్కటే అంటివి గదరా?"

"అప్పుడు నాకు తెల్వదు."

"ఇప్పుడేం తెలిసింది?"

"నాకేం తెల్వదని తెలిసింది!"

లిఫ్టు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ముప్పై ఏళ్లు గని చేయలేని పని నా నోరు ఒక్క పూటలో చేసేలా ఉంది. ఇంతలో డాక్టరు గారు వచ్చారు.

"కొమురయ్య గారూ, రెండో దారి లోపల మనుషులుంటే కదండీ. ఇక్కడ ఎవరూ దిగరు, పనిముట్లు నా చేతిలోనే ఉంటాయి. అవసరం పడితే ఇంకో రంధ్రం అప్పుడే పెడతాను. మీకు మూడే కావాలంటే మూడే చేస్తాను."

కాక ఆయన మొహం చూడలేదు, చేతులు చూశాడు. "సార్, మీ చెయ్యికి ఏది అలవాటు?"

"ఒక్కటే. ఎన్నో ఏళ్లుగా."

"అయితే ఒక్కటే వెట్టుండ్రి. దుంగ యాడ వెట్టాల్నో వెట్టెటోనికే తెలుస్తది. పక్కపొంటి నిలవడి ఒర్రెటోనికి ఏం తెలుస్తది?"

ఒర్రేవాడు, అంటే ఊరికే అరిచేవాడు, ఎవడో చెప్పనక్కర్లేదు కదా. సర్దార్‌గా మొదటిసారి మనిషిని లోపలికి పంపి బయట కూర్చున్నాను. ఆ రెండు గంటలు నేను ఏడ్చాను, దాచుకోవడానికేమీ లేదు.

కాక బాగై ఇంటికొచ్చాడు. చూడ్డానికి కాలనీ అంతా వచ్చింది. బనీను ఎత్తి, చంక కిందున్న ఒకే ఒక్క గాటు చూపించేవాడు.

"గింతేనా కొమురన్నా?"

"గింతే. దిగినయన్ని గా ఒక్క దారినే సల్లగ బయటికొచ్చినయి. ఇరుక్కున్నది మావాడొక్కడే."

ఇన్నేళ్లయినా ఇంటికి ఎవరొచ్చినా ఇదే మాట, అదే నవ్వు, నిండుగా ఊపిరి తీసుకుని మరీ. ఆ నవ్వు కోసం ఎన్నిసార్లయినా ఇరుక్కుంటాను. కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా సర్దార్‌గిరిని రోజూ టోపీతో పాటు గనిలోనే కొక్కేనికి తగిలించి వస్తాను. ఇక ఈ జన్మలో డాక్టరు ముందు నోరు తెరిస్తే, నాలుక చూపించడానికే తెరుస్తాను.