పొట్టి బండికి పొడుగు ట్రాక్

మా చిన్నప్పుడు రెండిళ్లవాళ్లం కలిసి బిగించుకున్న స్నోమొబైల్‌ని వంశీ మొన్న ముక్కలుగా అమ్మకానికి పెట్టాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. ప్రకటనలో ఏం రాశాడో తెలుసా... "రెండు మోడళ్ల కలగలుపు. విడిభాగాలకు మాత్రమే."

కలగలుపు అట. ఎవరు కలిపారో రాయలేదు మరి. నేను రాస్తాను.

అప్పుడు మేం కనాటా అనే మంచుపడే ఊళ్లో ఉండేవాళ్లం. పక్కిల్లు భాస్కర్ అంకుల్‌ది. వంశీ వాళ్లబ్బాయి, నా ఈడువాడే. నాన్నా, అంకులూ కలిసి ఒక పాత స్నోమొబైల్ కొన్నారు. ముందు మంచు మీద జారే రెండు స్కీ పలకలు, వెనక చక్రాలకు బదులు గిర్రున తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా... దాన్నే ట్రాక్ అంటారు. మా బండి ట్రాక్ పొట్టిది. గట్టిపడిన దారిలో బాగానే పోయేది. కొత్త మంచు పడిందా... బురదలో గేదె కూర్చున్నట్టు కూర్చుండిపోయేది. అందరం దిగి తోసేవాళ్లం.

ఊరి బయట ఒక ముసలాయన తన పొలంలో మమ్మల్ని బండి తిప్పుకోనిచ్చేవాడు. ఆయన షెడ్డులో ఇంజిన్ పోయిన ఇంకో మోడల్ బండి పడి ఉండేది. దాని ట్రాక్ పొడుగు, మంచుని పట్టే రబ్బరు పళ్లు ఎత్తు. కావాలంటే పట్టుకుపొమ్మన్నాడు. అంతే... దాని వెనకభాగం మొత్తం, ట్రాకూ, లోపలి స్ప్రింగుల సస్పెన్షనూ, మా బండికి వేసేద్దామని అంకుల్ తీర్మానించేశారు.

గరాజ్‌లో పాత బొంత పరిచి బండిని పక్కకి పడుకోబెట్టాం. నాన్నకి నడుము నొప్పి. కుర్చీ వేసుకుని సలహాలిచ్చేవాడు.

"నువ్వు కుర్చీలోంచే బోల్టులు బిగించేలా ఉన్నావు. దిగొచ్చి ఈ స్ప్రింగు పట్టుకోరా బాబూ," అనేవారు అంకుల్.

"డాడ్, ఇట్స్ నాట్ గోయింగ్ ఇన్," అని వంశీ గొణుగుడు.

"ఎందుకు పోదు... నువ్వు నొక్కు."

పోలేదు. ఆ మోడల్‌కి బోల్టులు పట్టే చోటు వేరు, మా బండి కన్నాలు వేరు. మామిడిపళ్ల పెట్టె అట్ట కత్తిరించి కొలతలు గీసుకున్నాం. అట్ట నేను పట్టుకున్నాను, గీతలు వంశీ గీశాడు, కొత్త కన్నాలు అంకుల్ వేశారు. ఎలాగైతేనేం, కూర్చుంది.

ఇక స్టార్ట్ చెయ్యబోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "పూజ లేకుండా ఎక్కేస్తారా ఏంటి," అంది. గిన్నెలో పసుపు కలిపి తెచ్చి ట్రాక్ పన్ను పన్నుకీ పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది. ట్రాక్ కింద నిమ్మకాయలు పెట్టింది. గరాజ్ చలికి అవి అప్పటికే గడ్డకట్టి రాళ్లయిపోయాయి... ఒక్కటీ నలగలేదు. స్టార్ట్ చెయ్యగానే ట్రాక్ వాటిని ఎగరగొట్టి గోడకేసి కొట్టింది.

దాంతోపాటు గరగరమని ఒక చప్పుడు. ఆపేశాం.

ఇంజిన్ చప్పుడే, అదే సర్దుకుంటుందన్నారు అంకుల్. కాదు బేరింగన్నాడు నాన్న, కుర్చీలోంచే. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే అమ్మ టార్చిలైటు వేసి వంగి చూసింది.

"అన్నయ్యగారూ, నా పసుపంతా ఇక్కడ లోపలి కప్పుకి అంటుకుపోయింది చూడండి. ముందువైపే అంటింది, వెనకేం లేదు."

అందరం బొంత మీద పడుకుని చూశాం. ట్రాక్ పైనుండే రేకు కప్పుకి, ముందువైపు, వరసగా పసుపు గీతలు. ఎత్తు పళ్లు అక్కడ రాసుకుంటున్నాయి. చూసుకోకుండా తోలి ఉంటే పొలం మధ్యలో ట్రాక్ చిరిగేది.

"చెల్లెమ్మా, రేపట్నుంచి మా ఆఫీసులో టెస్టింగ్ నీకే అప్పజెప్తాను," అన్నారు అంకుల్.

ముందువైపు ట్రాక్‌ని తిప్పే పళ్లచక్రాలు తీసి చిన్నవి వేశాం. ట్రాక్ కప్పుకి దూరం జరిగి గరగర పోయింది.

మళ్లీ మంచు బాగా పడ్డాక పొలానికి తీసుకెళ్లాం. హ్యాండిల్ నాది, వెనక వంశీ. ఎప్పుడూ కూరుకుపోయే చోటు దగ్గర దిగి తొయ్యడానికి ఇద్దరం సిద్ధమయ్యాం... కూరుకుపోలేదు. తేలుతూ పోయింది. వంశీ నా వీపు మీద గుద్దుతూ, "డోంట్ స్టాప్ సింధూ, ఆపకు, ఆపకు," అంటూనే ఉన్నాడు.

నా చదువు ఆ గరాజ్‌లో జరిగింది. తర్వాత నేర్చుకున్నదంతా విప్పి, బిగించి, చేతులు కోసుకుని నేర్చుకున్నదే. ఇవాళ గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఒక రిపేరు షెడ్డులో ఇలాంటి బళ్లకే వెనకభాగాలు మారుస్తున్నాను. ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కి ఊరికే అతకదు. కొలవాలి. తప్పు కనబడితే మళ్లీ మొత్తం విప్పాలి. అంత చేసి నిలబెట్టినదాన్ని కలగలుపంటే నాకు ఒళ్లు మండుతుంది.

మేం కనాటా వదిలి వచ్చేశాక బండి వాళ్ల గరాజ్‌లోనే ఉండిపోయింది. ప్రకటన చూసి ఫోన్ చేస్తే వంశీ ఏమన్నాడంటే... "ఈవీ కారుకి చార్జర్ పెట్టించాలి, ప్లేస్ లేదు. నువ్వెక్కడో ఉన్నావు కదా, కేర్ చెయ్యవనుకున్నా."

అనుకున్నాడట. అడగడానికి నోరు లేదా.

ఇప్పుడు ఏ గరాజ్ తలుపు తీసినా పార్సిల్ అట్టపెట్టెలే... పాడైతే కొత్తది గుమ్మంలోకొస్తుంది. ఇంటిల్లిపాదీ నేలమీద పడుకుని ఒక బండి కిందకి తొంగిచూడటం నేనీమధ్య ఎక్కడా చూడలేదు. మీ ఇళ్లలో అలా అందరూ తలో చెయ్యీ వేసి నిలబెట్టింది ఏదైనా ఉంటే... బండో, మిక్సీనో, రేడియోనో... కింద రాయండి. వంశీ కూడా చదువుతాడు.

ప్రకటనలో ఫోటోని పెద్దది చేసి చూశాను. బోల్టులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముక్కలుగా అమ్ముతానని రాశాడేగానీ ఇంకా ఒక్కటీ విప్పలేదు. విప్పడానికి వాడికి చెయ్యి రాలేదనే నా నమ్మకం. ఈ చలికాలం మొదటి మంచుకి ఆ బండి మళ్లీ పొలంలో తిరుగుతుందని కూడా నా నమ్మకం.

వంశీ... చార్జర్ పెట్టించుకో, కాదనను. బండి మాత్రం మొత్తంగా నాకు కావాలి. మా షెడ్డు వెనక చోటు అడిగాను, ఓనర్ సరేనన్నాడు. శనివారం పొద్దున్నే ట్రైలర్‌తో మీ ఇంటి ముందుంటాను, గ్లవ్స్ వేసుకుని బయటికి రా. దానికి ముందు, శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు ఆ ప్రకటన తీసెయ్యి. తీసేశానని ఇక్కడే, అందరి ముందూ రాయి.