అటువైపు నుంచి ఊదిన అవ్వ

సుమ్మాదేవి రైల్వే స్టేషన్ బయట జీడిచెట్టు కింద ఆటో కోసం చూస్తూ పొగాకు పైపు వెలిగించాను. అప్పట్లో అది నాకు కొత్త మోజు. నాలుగు దమ్ములు లాగేసరికి గొట్టంలో చెమ్మ చేరి గురగురమంది, నిప్పు కూడా ఆరిపోయింది.

పక్కనే ఖాళీ చేపల తట్టతో కూచున్న అవ్వ అడ్డపొగ తాగుతోంది, చుట్ట నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని. ఆ చుట్ట తీసి, "పొగ తాగతన్నావా, గంజి తాగతన్నావా బావూ?" అంది.

నాకు రోషమొచ్చింది. "నువ్వు తాగి చూడు," అని పైపు చేతికిచ్చాను.

అలవాటు కొద్దీ పొగాకు కూరే గిన్నెవైపే నోటికి పెట్టుకుంది. ఎంత పీల్చినా ఏమీ రాకపోయేసరికి, బుగ్గలు పొంగించి గట్టిగా ఊదింది. గొట్టం చివరినుంచి నల్లటి నీళ్లు నా తెల్లచొక్కా మీద చిమ్మాయి.

"ఓలమ్మ! ఏటిది, నీళ్ల కొళాయా?" అని ముక్కు మీద బూడిదతో పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. మళ్లీ వెలిగిస్తే పైపు కిక్కురుమనకుండా చక్కగా కాలింది.

పైపు శుభ్రం చేసే పుల్లలు ఇప్పుడు ఇంట్లో కట్టలుకట్టలున్నాయి. అయినా అది గురగురమంటే, మా ఆవిడ చూడకుండా తిరగేసి ఊదుతాను. నోటినిండా బూడిద. ఎంత హాయిగా ఉంటుందో.