చాకిరేవు బొమ్మ గీసింది నేనే

అమెరికాలో, ఫ్రిస్కోలోని మా తెలుగు సంఘం ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో ఒక చాకిరేవు కార్టూన్ తిరిగింది. దాన్ని పోటీలో ఉన్న డాక్టరు గారే గీయించారని ఎనిమిదేళ్లుగా అందరూ అనుకుంటున్నారు. ఆయనకు దానితో ఏ సంబంధమూ లేదు. గీసింది నేను.

విక్టోరియా రాణి కాలం నాటి లండన్ వ్యంగ్య పత్రికల బొమ్మలంటే నాకు పిచ్చి. గోడ నిండా వాటి ప్రతులు తగిలించుకున్నాను. పార్లమెంటులో ఏళ్ల తరబడి తగవులాడుకున్న ఇద్దరు నాయకులను ఒక వారం మల్లయోధులుగా, ఒక వారం ఉయ్యాల బల్లకు చెరో చివర కూర్చున్న పిల్లలుగా, ఇంకో వారం బట్టలు ఉతుకుతూ నురగ చల్లుకునే ఆడవాళ్లుగా గీసేవారు. జనం నవ్వుకుని పేజీ తిప్పేసేవారు.

డాక్టరు గారి మీద అధ్యక్ష పదవికి నిలబడ్డది నా స్నేహితుడు. పదేళ్లు ఒకే ఆఫీసులో పనిచేశాం. తన ప్యానెల్‌లో కల్చరల్ సెక్రటరీగా నన్ను పెట్టుకుంటాడనుకున్నాను. వేరే అతన్ని పెట్టుకున్నాడు. ఆ ఉక్రోషంతో ఆ మూడో బొమ్మను తీసుకుని, ఇంగ్లిష్ తొట్టి బదులు రేవు బండ పెట్టి, పోటీలో ఉన్న ఇద్దరి ముఖాలూ గీశాను. మాసిన బట్టల మూట మాత్రం నా స్నేహితుడి నెత్తిన పెట్టాను. ఎవరికీ తెలియని రెండో నంబరు నుంచి గ్రూప్‌లో వదిలాను.

గంటలో మొదలైంది. "బావా, ఇది జోకా, నిజమా?" అని ఒకరు. "అందుకేనా మనోడు ఊరి పేరు అడిగితే టాపిక్ మార్చేది!" అని ఇంకొకరు. మూడో రోజు నా స్నేహితుడు నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. వాళ్లమ్మాయి డాన్స్ క్లాసుకు రావడం మానేసింది.

పాత ఇంగ్లిష్ బొమ్మకు నకలు వేశాను, కులం సంగతి తట్టలేదు అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని చెప్పుకుని అలసిపోయాను. అది అబద్ధం. ఎన్నికలకు ముందు ఒకసారి ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ కారులో అతనే చెప్పాడు, వాళ్ల తాత రేవులో ఉతికేవాడని, ఇక్కడ ఎవరితోనూ అనొద్దని. గోడ మీద మల్లయోధులున్నారు. ఉయ్యాల బల్ల ఉంది. నేను బట్టలుతికే బొమ్మనే ఎంచుకున్నాను.

పోయిన శనివారం వాళ్లింటికి వెళ్లాను. గరాజ్‌లో సైకిల్‌కు గాలి కొడుతున్నాడు.

"ఆ కార్టూన్ నేనే వేశాను రా."

పంపు ఆగింది. "జోక్ చేస్తున్నావా?"

"లేదు."

"మరి డాక్టర్ గారు? ఆయన కనిపిస్తే పార్కింగ్ లాట్‌లోంచే కారు వెనక్కి తిప్పేస్తున్నాను రా నేను. వాళ్లింట్లో ఆంటీకి సర్జరీ అయితే కాల్ కూడా చేయలేదు."

పంపు వదిలి నా వైపు తిరిగాడు.

"కార్లో నేను చెప్పింది గుర్తుండే వేశావా?"

"గుర్తుండే."

మళ్లీ గాలి కొట్టాడు, టైరు రాయిలా అయ్యేదాకా. తర్వాత లేచి చేతులు తుడుచుకున్నాడు.

"గ్రూప్‌లో పెట్టు. సారీలు, స్టోరీలు వద్దు. నేను వేశాను, తెలిసే వేశాను అని రాయి." కార్ కీస్ తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"డాక్టర్ గారింటికి."

"నేనూ వస్తాను."

"నువ్వొద్దు."

కారు బయటికి తీసి బటన్ నొక్కాడు. గరాజ్ తలుపు దిగసాగింది. నేను నడుం వంచి దాని కిందుగా బయటికి వచ్చాను.