సాక్స్ ఫ్యాక్టరీ పైకప్పు

ఆ జర్మన్ ఆర్కిటెక్ట్ గురించి మా చర్చిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా. ఆర్కిటెక్చర్ కాలేజీలో నా థీసిస్ ఆయన మీదే. సొంత దేశంలో ఆయన కార్మికులకి ఇళ్ళు కట్టాడు, వాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలూ కట్టాడు. రెండింట్లోనూ ఒకటే పట్టుదల: పట్టపగలు మనిషికి దీపంతో పని ఉండకూడదు. అక్కడి ప్రభుత్వం బతకనివ్వక అమెరికా వచ్చేశాక ఆయనకి దొరికినవి గోదాములు, గ్యారేజీలు, చివరికి జార్జియాలో ఒక సాక్స్ ఫ్యాక్టరీ. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు.

మేముండే అల్ఫారెట్టా ఊరు దాటాక, మా తెలుగు చర్చివాళ్ళు కొన్నది ఆ ఫ్యాక్టరీనే. స్కూల్ కెఫెటీరియాలో ఆరాధన చేసుకుని విసిగిపోయిన మావాళ్ళకి పార్కింగ్ నచ్చింది. నాకు పైకప్పు. రంపం పళ్ళలా వరసగా లేచిన కప్పు, ప్రతి పన్నుకీ ఉత్తరం వైపు నిలువునా గాజు. ఎండ లోపల పడదు, వెలుగు మాత్రం నేలంతా సమంగా పరుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది. ఆఫీసులో నేను రోజూ గీసేది కిటికీల్లేని వేర్‌హౌస్‌లు మరి.

మొదటి ఆదివారమే చిక్కొచ్చి పడింది. మా చర్చిలో పాటల పుస్తకాలు ఎప్పుడో పోయాయి. పిల్లలకి మన అక్షరాలు రావు కాబట్టి తెలుగు పాటని ఇంగ్లీష్ అక్షరాల్లో తెర మీద వేస్తాం. ఆ వెలుగులో తెర మీద ఒక్క అక్షరం కనిపించలేదు. పెద్దవాళ్ళు కంఠతా వచ్చిన పాటలు పాడుకున్నారు. పిల్లలు ఫోన్లు తీశారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టర్, నన్ను పక్కకి పిలిచారు.

"సిస్టర్, పైన గ్లాస్ క్లోజ్ చేయించేద్దాం. డ్రాయింగ్స్ మీరే చేసి పెట్టాలి."

"ఆ గాజు కోసమే ఈ బిల్డింగ్ కట్టారండి, అయ్యగారూ. పుస్తకాలు ప్రింట్ చేయిద్దాం, ఇంగ్లీష్ అక్షరాల్లోనే."

"పుస్తకం పట్టుకుని చప్పట్లు ఎలా కొడతారమ్మా? మన యూత్ ఇప్పటికే అమెరికన్ చర్చిలకి వెళ్ళిపోతున్నారు. గ్లాస్ ఉండి పాడేవాళ్ళు లేకపోతే ఏం చేసుకుంటాం?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఫోన్ తీసిన పిల్లల్లో నా కూతురూ ఉంది.

కౌంటీ ఆఫీసుకి వెళ్ళి, పాత కట్టడం కింద కాపాడే వీలుందా అని అడిగాను. ఆర్కిటెక్ట్ పేరు చెబితే కౌంటర్‌లో ఆవిడ స్పెల్లింగ్ అడిగింది, వెతికి జాబితాలో లేదంది. ఒక మనిషి జీవితమంతా చేసిన పనికి మిగిలింది అంతే. కారులో కూర్చుని కాసేపు తిట్టుకున్నాను, ఎవర్నో తెలియకుండానే.

బయటివాళ్ళకి ఇస్తే కప్పు మొత్తం పీకేస్తారన్న భయంతో చివరికి నేనే గీశాను. గాజుని ముట్టకుండా లోపలి నుంచి బోర్డులు, బోర్డుకీ గాజుకీ మధ్య ఖాళీ. ఎప్పుడైనా ఎవరైనా మరలు విప్పితే వెలుగు మళ్ళీ వస్తుందని ఆశ. కాంట్రాక్టర్‌కి ఆ ఖాళీ అనవసరంగా తోచింది. అందులో వేడి ఆపే ఫోమ్ కొట్టేశాడు. ఏసీ ఖర్చు తగ్గుతుందని అందరూ సంతోషించారు. ఆ ఫోమ్ గాజుని పట్టుకుని బిగిసిపోయింది. ఇక బోర్డు లాగితే గాజూ పగిలి వస్తుంది.

పని పూర్తయ్యాక వచ్చిన ఆదివారం లోపల సినిమా హాలు చీకటి. తెర మీద పాట కళకళలాడుతూ పడింది. పిల్లలు గొంతెత్తి పాడారు, నా కూతురు కూడా.

తర్వాత వాక్యం చదివే సమయం. మా పక్కన కూర్చున్న పెద్దావిడ పెద్దక్షరాల తెలుగు బైబిల్ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, పేజీని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. దూరం జరిపారు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. నా కూతురు ఫోన్‌లో టార్చ్ వేసి పేజీ మీద పట్టుకుంది.

"ఇప్పుడు ఓకేనా ఆంటీ?"

"ఆ, కొంచెం ఇటు పట్టుకో తల్లీ" అన్నారావిడ.

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.