మా సుధాకర్ ఆగింది యూనిఫారాల కోసం కాదు

నిన్న మధ్యాహ్నం మూడు దాటాక కరుణ ఫోన్ చేసింది.

కరుణ మా తమ్ముడు సుధాకర్ భార్య. ఏడుస్తోంది. వెనక నుంచి సుధాకరే ఏదో నాటకం ఆడిస్తున్నాడనుకున్నాను.

"వాడికివ్వు ఫోను" అన్నాను, నవ్వుతూనే.

వడదెబ్బ అంది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయిందంది.

ఆ నవ్వు ఇంకా నా ముఖం మీదే ఉన్నట్టుంది.

మన ఫ్యామిలీ గ్రూప్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఎండాకాలం వచ్చిందంటే సుధాకర్ వాయిస్ మెసేజ్‌ల కోసం ఎదురుచూసేవాళ్లం. విజయవాడలో మూడో అంతస్తు పైన రేకుల షెడ్డు. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె, వాడు. వార్తలు చదివే గొంతు పెట్టి మొదలుపెట్టేవాడు.

"ఈరోజు ముఖ్యాంశాలు. మా షెడ్డులో ఇస్త్రీ పెట్టెకి ఉద్యోగం పోయింది. సొక్కా కుట్టి బల్ల మీద పడేత్తే దాని మడతలు అదే తీసుకుంటంది."

ఏళ్ల తరబడి ఆ ఊళ్లో ఉన్నా మా అరకు మాట మాత్రం వదల్లేదు.

బ్యాంకు కథ అందరికంటే ఎక్కువసార్లు నేనే విన్నాను. పాస్‌బుక్ పట్టుకుని వెళ్లి టోకెన్ తీసుకునేవాడట. ఏసీ కింద కూర్చునేవాడట. తన నంబరు పిలిచే వేళకి వెనకున్న ముసలమ్మ చేతిలో ఆ టోకెన్ పెట్టి, ఆవిడది తను పుచ్చుకునేవాడట.

"అలాగ మద్దేనం దాకా కూకుంటానక్కా. ఆ బ్యాంకులో నా అంత మంచోడు లేడని పేరొచ్చీసింది. మేనేజరు కూడా దండం ఎడతన్నాడు."

నేనేం పంపేదాన్ని? వాన పడ్డ పొద్దున అరకులో మా పెరటి ఫొటో. పొగలు కక్కే కాఫీ గ్లాసు. "మేమిక్కడ స్వెటర్లు బయటికి తీశాం" అని, కింద రెండు నవ్వు బొమ్మలు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అయినా రాయాలి.

పది రోజుల క్రితం సుధాకర్ ఫోన్ చేశాడు. గ్రూప్‌లో కాదు, నాకే.

"అక్కా, ఓ వారం రోజులు వచ్చీనా? తల తిరగతంది. తిన్నది నిలవడం లేదు."

మీకు తెలుసు, మా ఇంటి వెనక రెండు గదులు వేసవిలో టూరిస్టులకి ఇస్తాం. అందులో ఒకటి వాడి గదే. దాని కర్టెన్లు కుట్టింది కూడా వాడే.

"గదులు నిండిపోయాయిరా. జూన్‌లో రా" అన్నాను.

"నేనూ టూరిస్టునే గదక్కా. ఆధార్ కార్డు సూపించీమంటే సూపించీత్తాను."

నవ్వాను. "నీ కోసం ప్రార్థన చేస్తానులే" అన్నాను.

"సెయ్యక్కా. ఆ ప్రార్థనలోనే ఓ కూలరు కూడా అడుగు."

ఆ రాత్రి నిజంగానే ప్రార్థన చేశాను. గది ఇవ్వాల్సిన చోట ప్రార్థన ఇచ్చాను.

వాడికి హాల్లో చాప వేయొచ్చు. నా గదిలోనే ఇంకో మంచం వేయొచ్చు. టూరిస్టులు వెళ్లేటప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందని రాసి వెళ్తారు. వాడొస్తే గోల, నవ్వులు, అతిథులకి ఇబ్బంది అనుకున్నాను. ఇదీ నిజం.

మే నెలలో సుధాకర్ ఏనాడూ మిషన్ వదల్లేదు. బళ్లు తెరిచేలోగా యూనిఫారాలు ఇవ్వాలి, ఏడాదికంతా ఆ రెండు నెలల పనే ఆధారం. అలాంటివాడు మేలో వస్తానన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నవ్విస్తున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకున్నాను.

ఈ పొద్దున విజయవాడ చేరాను. కరుణ నా చేతులు పట్టుకుంది.

"మీరు రమ్మన్నారంటగా వదినా. అక్క గది ఖాళీ చేసి పెట్టింది, ఈ యూనిఫారాలు అవగానే వెళ్తానన్నారు. తెగ బతిమాలాను. వింటేగా! పని పిచ్చి ఆయనకి."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. అంత మంచి అక్క మాట కూడా వినలేదని ఎవరో అన్నారు. నాకు కుర్చీ వేశారు.

నేను కూర్చున్నాను. తలూపాను.

పెద్దదాన్నని ప్రార్థన నన్నే చేయమన్నారు. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. దుఃఖమనుకుని అందరూ నన్ను పట్టుకున్నారు.

కాసేపాగి కరుణను వంటగదిలోకి తీసుకెళ్లి చెప్పాను. నేను రమ్మనలేదమ్మా, రావద్దన్నాను, గది వేరేవాళ్లకి ఇచ్చానని.

కరుణ గ్యాస్ స్టవ్ పక్కన నేల మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రాత్రంతా ఆయన్నే తిట్టాను వదినా" అంది. "మమ్మల్ని వదిలేసి గుడ్డలు కుట్టుకున్నావని. శవం పక్కన కూర్చుని తిట్టాను."

అంతే అంది. లేచి సుధాకర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. వాడి చెవి దగ్గర వంగి ఏదో చెబుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

పని కోసం ప్రాణం పోగొట్టుకున్నాడని నిన్నటి నుంచి మీరందరూ పోస్టులు పెడుతున్నారు. దయచేసి అవి తీసేయండి. వాడు పని ఆపి రావాలనుకున్నాడు. నన్ను అడిగాడు కూడా. నేను కాదన్నాను. ఆ మాట బయటికి రాకుండా, తప్పు తన మీద వేసుకున్నాడు.

నన్ను ఓదారుస్తూ మెసేజ్‌లు పెట్టకండి. కరుణకు ఫోన్ చేయండి.

ఈ సాయంత్రం ఐదింటికి సమాధి కార్యక్రమం.

సుధాకర్, నీ మీద పడ్డ నింద తీసేశాను నాన్నా. ఇంతకంటే నా చేతనైంది ఏమీ లేదు. వెళ్లిరా. ప్రభువు నీకు నెమ్మదినిచ్చుగాక.