తువ్వాలు కింద బేరం

మా తోడల్లుడి బ్యాంకు కార్డును చూస్తే నాకు అన్నం సహించేది కాదు. నాదీ అదే బ్యాంకు, అలాంటి కార్డే. కానీ నాది పర్సులో పడి గురకపెట్టేది. వాడిది కంప్యూటర్లోకి దూరి సామాన్లు మోసుకొచ్చేది.

మొదట ఒక ఛార్జింగు లైటు వచ్చింది. కడపలో కరెంటు పోయినప్పుడల్లా మా అత్త దాన్ని పట్టుకుని వీధంతా ఊరేగేది. ఆ వెలుగు శ్రీశైలం డ్యాము దాకా పోయి అక్కడి కరెంటును సిగ్గుపరిచిందని నా అంచనా.

"మా చిన్నల్లుడు అంగడికి పోకుండానే తెప్పించినాడు మే! శానా తెలివి!" అని పక్కింటామెకు చెప్పేది. పెద్దల్లుణ్ని నేను అక్కడే, ఆ లైటు వెలుగులోనే నిలబడి ఉండేవాణ్ని.

మా అత్త మోకాళ్ళ నొప్పులకు మర్దన యంత్రం తెప్పించి నా పేరూ వీధిలో మోగించాలని నెట్ సెంటరుకు వెళ్ళాను. తోడల్లుడు అప్పటికే అక్కడున్నాడు. వాళ్ళ నాయన పశువుల సంతలో దళారి. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. వీడు తల, తెర, కీబోర్డు అన్నిటికీ కలిపి పెద్ద తువ్వాలు కప్పి కూర్చున్నాడు.

"ఏమప్పా, జలుబా? ఆవిరి పడతాండావా?" అన్నాను.

"కాదన్నా, కార్డు ఎనకపక్క మూడంకెలు కొడతాండా. అవి ఇంగొకనికి తెలిస్తే, కార్డు మన జేబులోనే ఉంటాది, దుడ్లు ఉండవు," అన్నాడు ముసుగులోంచి.

అందరూ నవ్వుతారని చుట్టూ చూశాను. నెట్ సెంటరాయన చేతులు కట్టుకుని, "ఈ సారును చూసి నేర్చుకోండప్పా" అన్నాడు. నా కడుపులో బండలు పగిలే ఎండ కాసింది.

వాడి తువ్వాలును నేను అనుకరించడమా? పక్క కంప్యూటర్లో యంత్రాన్ని ఎంచుకుని, కార్డును పెళ్ళి తాంబూలంలా బల్ల మీద పరిచి, ముందువైపు అంకెలన్నీ దర్జాగా కొట్టాను. తర్వాత కంప్యూటరు వెనకవైపు మూడంకెలు అడిగింది. కార్డు తిప్పబోతుంటే మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా, ఎద్దు పళ్ళు చూసినట్టు నా కార్డునే చూస్తున్నారు. ఒకాయన పెదాలు కదుపుతూ అంకెలు వల్లెవేస్తున్నాడు. ఖాతాలో నా నెల జీతమంతా ఉంది. కార్డు మీద అరచేయి బోర్లించి బిగుసుకుపోయాను.

"అన్నా, టవాలియ్యనా?" తోడల్లుడి గొంతు వేంపల్లె దాకా వినిపించి ఉంటుంది.

"ఏం వద్దులేప్పా."

వెనకాయన పెదాలు మళ్ళీ కదిలాయి.

"సరే... ఇయ్యి."

ముసుగు కిందికి దూరాను. బయటనుంచి వాడు పురోహితుడిలా చెబుతూనే ఉన్నాడు. "కార్డు గుర్తుపెట్టుకోమంటావా అని అడుగుతాది, ఆ టిక్కు తీసెయ్ అన్నా. అయిపోయినంక లాగౌటు మర్చిపోవద్దు." పళ్ళు కొరుకుతూ చెప్పినవన్నీ చేశాను. జీతం దక్కింది.

వారం తిరక్కముందే యంత్రం వచ్చింది. మా అత్త కాళ్ళు అందులో పెట్టి, హాయిగా కళ్ళు మూసుకుంది. "మా పెద్దల్లుడు తెప్పించినాడు మే!" అని పక్కింటామెను కేకేసింది. నా ఛాతీ రెండింతలైంది.

"చిన్నల్లుడు టవాలియ్యకుంటే జీతమంతా పోయుండు. శానా తెలివి!"

ఆ సాయంత్రమే బజారుకు పోయి వాడిదానికంటే రెండింతల తువ్వాలు కొన్నాను. దాంతో కార్డునేం ఖర్మ, నెట్ సెంటరునే కప్పెయ్యొచ్చు.