తమ్ముడు తీసేసిన నక్షత్రం

మా తమ్ముడు పోయాడని పుణె నుండి మరదలు ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి గదిలో ఉన్నాను. శనివారం, ఇంకా తెల్లవారలేదు. శనివారం ఫోన్ అంటే వాడిదే. ఎత్తగానే "ఆకాశం ఎట్లున్నది అక్కా?" అని అడుగుతాడు. అందుకని నేనే ముందుగా, "ఇయ్యాల అంత దుమ్మే ఉన్నదిరా" అనేశాను. అటువైపు ఏడుపు వినపడింది. మరదలు ఒక్క ముక్కలో చెప్పింది. రెండేళ్లుగా కిడ్నీల జబ్బు, అందరం ఎదురుచూస్తున్న మాటే. మొదలుపెట్టిన స్తోత్రం పూర్తి చేసుకుని లేచాను. సగంలో వదిలిన పని వాడికి నచ్చదు.

నలుగురిలో నేను పెద్దదాన్ని, వాడు చివరివాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పుణెలో ఒక పరిశోధన సంస్థలో నక్షత్రాల గుంపుల మీద, గెలాక్సీల మీద జీవితమంతా పనిచేశాడు. పెద్దకర్మ ఇక్కడ చంద్రపూర్‌లో చేశాం. వచ్చినవాళ్లలో చాలామంది నన్ను ఒకటే అడిగారు: ఏ నక్షత్రాన్ని కనిపెట్టాడు? ఆకాశంలో వాడి పేరు మీద ఏమైనా ఉందా? లేదు. వాడు చేసిన పనుల్లో నాకు పెద్దదిగా తోచేది, ఒక జాబితాలోంచి ఒక నక్షత్రాన్ని తీసేయడం. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది గిన్నెల దుకాణం. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, కొట్లో కూర్చునేవాడు, మేం బడి నుండి వచ్చాక తలో చెయ్యి వేసేవాళ్లం. గిన్నె కొన్నవాళ్లు దాని మీద పేరు కొట్టించుకునేవారు. అప్పుడు మిషన్ లేదు. చిన్న ఉలి, చిన్న సుత్తె. చుక్క పక్కన చుక్క కొడుతూ పోతే అక్షరం అయ్యేది. తమ్ముడికి పదేళ్లకే ఆ చెయ్యి కుదిరింది. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టేవాడు. వాడు కొట్టిన చుక్కల మధ్య ఎడం కొలిచినట్టు ఉండేది.

ఒకసారి రాజురా వైపు నుండి రెండు పెళ్లిళ్ల సామానుకు ఒకే వారంలో బేరం వచ్చింది. వాడు ఒకరి పెద్ద బిందె మీద ఇంకొకరి ఇంటిపేరు కొట్టేశాడు. కొట్టిన పేరు చెరగదు. అరగదీస్తే బిందె పలచనవుతుంది, మచ్చ మిగులుతుంది. పెళ్లివాళ్లు సామాను తీసుకుపోవడానికి ఇంకా రెండు రోజులుంది, ఈలోగా ఇంకో బిందె మీద సరైన పేరు కొట్టి ఇస్తే వాళ్లకు తెలియనే తెలియదని నేను అన్నాను. బాపు ఒప్పుకోలేదు. వాళ్లు దిగిన చుట్టాలింటికి వాణ్నే సైకిల్ మీద పంపాడు.

"పోయి చెప్పి రా. వాళ్లు వచ్చి చూసేదాక ఆగకు" అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు.

అది బాపు పద్ధతి. తప్పు మనం చేస్తే మనమే ముందు చెప్పాలి, కొత్తది ఇవ్వాలి, తప్పు పడిన గిన్నెను మనింట్లో వాడుకోవాలి. అందుకే మా వంటింట్లో ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఉండేవి. నా పెళ్లయిన కొత్తలో మా అత్తగారు మా ఇంటికి భోజనానికి వచ్చి, గ్లాసు మీద ఒక పేరు, కంచం మీద ఇంకో పేరు చూసి, "ఏమమ్మా, మీరు ఎంతమందిండ్లల్ల పడి తెచ్చుకున్నరు ఇవన్ని?" అని అడిగింది. బాపు కడుపుబ్బ నవ్వాడు.

తమ్ముడు ఇక్కడ మరాఠీ బడిలో చదివి, నాగపూర్‌లో పై చదువు చదివి, పరిశోధనకు పుణె వెళ్లాడు. తెలుగు చదవడం వాడికి సరిగా రాదు, నేనిది రాస్తున్నట్టు తెలిస్తే ఫోన్లో చదివి వినిపించమనేవాడు. మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు, అక్కడ చేసే పనేమిటని బాపు అడిగాడు. నక్షత్రాలను లెక్కపెట్టి, ఏది ఏ గుంపుదో తేల్చడమని వాడు చెప్పాడు.

"లెక్క తప్పితే ఎవలు అడుగుతరు?" అన్నాడు బాపు.

"ఎవలు అడగరు బాపూ. నేనే చూసుకోవాలె."

బాపు తల ఊపాడు. ఇక వాడి పని గురించి ఎన్నడూ అడగలేదు.

నాకు మాత్రం వాడు వివరంగా చెప్పింది చైత్రంలో, మహాకాళి జాతర రోజుల్లో. ఏటా జాతరకు వచ్చేవాడు. గుడికి పోయే రోడ్డు పక్క ఒక అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఎటు చూసినా జనం. "అక్కా, నిలబడ్డప్పుడు చూస్తే అందరొక్కటే తీరు కనపడ్తరు. ఎవలు ఏ ఊరోళ్లో చెప్పలేం. జరసేపు చూడు. ఒక ఊరోళ్లు ఒక్క తీరుగ నడుస్తరు" అన్నాడు. చూశాను. నిజమే. ఒక గుంపు నెమ్మదిగా, ఒకరి కోసం ఒకరు ఆగుతూ సాగుతోంది. మధ్యలో ఎవరో ఒకతను అడ్డంగా దూరి కొబ్బరికాయల కొట్టు వైపు వెళ్లిపోయాడు. "గాయన వాళ్లోడు కాదు" అన్నాడు తమ్ముడు. వాడి పని అంతా అదే. ఆకాశంలో ఒకచోట కుప్పగా కనిపించే నక్షత్రాల్లో నిజంగా కలిసి పుట్టినవి ఏవి, దారిలో అడ్డం వచ్చినవి ఏవి అని తేల్చడం.

ఒక గుంపులోని నక్షత్రాలన్నీ ఒకేసారి పుడతాయట. వాటిలో ఏవి ముసలివై ఎర్రబడ్డాయో చూసి గుంపు వయసు చెబుతారట. వాడు పరిశోధనలో మొదట పట్టుకున్న గుంపులో ఒక ఎర్ర నక్షత్రం ఉంది. దాన్ని కలుపుకుని లెక్క కట్టి, ఈ గుంపు అందరూ అనుకున్న దానికంటే చాలా చిన్న వయసుదని తేల్చాడు. ఆ మాటతో వాడికి పేరు వచ్చింది. దాన్ని కొలబద్దగా పెట్టుకుని వేరే దేశాలవాళ్లు దూరపు గెలాక్సీల్లోని గుంపుల వయసులు లెక్క కట్టారు. ఇరవై ఏళ్లు ఆ మాట నిలిచింది. నేను ఏటా అమ్మవారికి వాడి పేరు మీద దీపం పెట్టేదాన్ని.

తర్వాత కొత్త కొలతలు వచ్చాయి. అంతరిక్షంలోకి పంపిన ఒక దూరదర్శిని, ఏ నక్షత్రం ఎంత దూరంలో ఉంది, ఎటు కదులుతోంది అని వెంట్రుకవాసి తేడాతో సహా కొలిచిందట. అందరికంటే ముందు తన గుంపునే తీసి చూసుకున్నాడు వాడు. రెండు రోజుల తర్వాత, చెప్పకుండా చంద్రపూర్ వచ్చాడు.

అన్నం పెట్టాను. మామిడి తొక్కు, నెయ్యి వేశాను. వాడు వేలితో కంచంలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వాడే చెప్పాడు.

"ఆ ఎర్రది మా గుంపుల లేదక్కా. మావన్ని ఒక దిక్కు పోతున్నయి, అది అడ్డం పోతుంది. మాకంటే మస్తు ఇవతల ఉన్నది."

"ఎవలకన్న చెప్పినవా?"

"బయట ఇంక లేదు."

ఆ ఏడు వాడి సంస్థలో విభాగానికి పెద్దగా వాడినే పెట్టబోతున్నారు. కాగితాలు నడుస్తున్నాయి. తోటివాళ్లలో ఇద్దరికి మాత్రం అనుమానంగా చెబితే, తొందరేముంది, ఆ కొలతలు ఇప్పుడే వచ్చాయి, ఎవరో ఒకరు ఎప్పుడో చూస్తారు, అప్పుడు చూసుకుందాం అన్నారట. వాడి మొదటి పని, వాడి పేరు, ఇరవై ఏళ్లు, అన్నీ ఆ ఒక్క చుక్క మీద నిలబడి ఉన్నాయి. దాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో వాడికే తెలియదు.

రోజూ దేవుడి ముందు కూర్చునే దాన్నే. అయినా నా నోట వచ్చిన మాట ఇది: "కుర్చీ వచ్చినంక చెప్పరాదురా?"

వాడు తల ఎత్తి నన్ను చూశాడు. "బాపు ఆగమన్నడా అక్కా?"

నేను సిగ్గుపడ్డాను. వాడు నవ్వి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. మర్నాడు నేను గుడికి బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "నా లెక్క నిలవాలని మొక్కకు. నాకు ఉన్నది ఉన్నట్టు కనపడాలని మొక్కు" అన్నాడు. ఆ రోజు నుండి నా మొక్కు అదే. నా పిల్లలకైనా, నాకైనా.

పుణె వెళ్లిన వారానికే తన తప్పు తానే రాసి పరిశోధన పత్రికకు పంపాడు. రెండు పేజీలు. ఎవరి మీదా నెట్టలేదు, పాత కొలతల మీద కూడా నెట్టలేదు. కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. కొన్ని సభలకు పిలుపులు ఆగిపోయాయి. తన కంటే చిన్నవాళ్లు వేదిక మీద నుండి వాడి తప్పును బొమ్మ వేసి చూపిస్తే, కింద కూర్చుని విన్నాడట. అది చెబుతూ, "బొమ్మ మంచిగనే ఏసిన్రు" అన్నాడు. మనసు నొచ్చుకోలేదని నేను అనను. ఒక ఏడాది ఫోన్లో వాడి గొంతు సన్నగా వినిపించేది. కానీ పని ఆపలేదు. తను ఇన్నాళ్లూ చూసిన గుంపులన్నీ మళ్లీ మొదటి నుండి, ఒక్కొక్క నక్షత్రాన్నీ, ఇది మనదా కాదా అని చూసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత పక్క గెలాక్సీల్లోని గుంపులకు వెళ్లాడు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో యంత్రానికి కట్టి ఉంచినప్పుడు కూడా, ఖాళీగా ఉన్న చేతిలో పట్టిక ఉండేదని మరదలు చెప్పింది. చివరి శనివారం, "ఇంక మూడు గుంపులు మిగిలినయి" అన్నాడు నాతో.

పెద్దకర్మకు పుణె నుండి ఒక అమ్మాయి వచ్చింది. వాడి దగ్గర పరిశోధన చేసి, ఇప్పుడు తనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మరాఠీ అమ్మాయి, నన్ను కాకూ, అంటే పిన్నీ, అని పిలిచింది. ఆ మూడు గుంపులు తాను పూర్తి చేశానని, వాడి జాబితా మొత్తం అందరికీ అందేలా పెట్టామని, ఇప్పుడు కొత్త కొలబద్ద అదేనని చెప్పింది. మా మేనత్త ఊరుకోక, అయితే ఏదో ఒక నక్షత్రానికి వాడి పేరు పెట్టించరాదా అని అడిగింది. నేను మరాఠీలో చెప్పాను. ఆ అమ్మాయి, తను ఏటా కొత్త పిల్లలకు చెప్పే మొదటి పాఠం సర్ రాసిన ఆ రెండు పేజీలేనంది. పుస్తకం తెరవకముందే వాటిని చదివిస్తుందట. మేనత్తకు అది సరిపోలేదు. నాకు సరిపోయింది.

ఆ రాత్రి ఆ అమ్మాయి బాబుపేట్‌లో మా ఇంట్లోనే పడుకుంది. నాలుగున్నరకు నేను స్నానం చేసి వచ్చేసరికి లేచి కూర్చుని ఉంది, ఒళ్లో బైనాక్యులర్. ఇద్దరం మిద్దె మీదికి వెళ్లాం. పవర్ హౌస్ పొగ, రోడ్డు దుమ్ము, కింద దీపాల వెలుగు. వాడు మొదట పట్టుకున్న గుంపు ఇక్కడ కనిపించదంది. అందులోవన్నీ మరీ మసకవి. చాలాసేపు వెతికి, తన చెయ్యి కదపకుండా నన్ను రమ్మని, నా కంటికి ఆనించింది.

బూడిద రంగు మసకలో ఒకే ఒక్క చిన్న ఎర్ర చుక్క.

సర్ తీసేసింది ఇదే కాకూ, అంది.

చేతులు నొప్పి పుట్టేదాకా చూశాను. కదులుతోందా అని అడిగాను. కదులుతూనే ఉంది, మన కంటికి తెలియాలంటే ఒక జన్మ చాలదంది. బైనాక్యులర్ తనకు ఇచ్చేశాను. ఉత్త కంటికి అక్కడ ఏమీ లేదు. అటే తిరిగి రెండు చేతులూ జోడించాను. పక్కన ఆ అమ్మాయి ఇంకా దాన్నే చూస్తోంది. తూర్పు తెల్లబడుతోంది.